క్షతగాత్రులైన యోధులకు పండుగ మేర

శమీపూజ చేసి, పాలపిట్టను జూచి, జమ్మియాకును బంగారమని పెద్దల చేతులలో నుంచి దీవెన లందుకొనుట తెలంగాణమున దసరానాటి యాచారము. ఆ దినములలోనే ఆయుధపూజయు జరుగును. నాగలికి, కొడవలికి, యంత్రమునకు, బండికి కుంకుమబొట్టు పెట్టుదుము. ఆయుధమునకు పూజ జరిగినది సరియే; ఆయుధము పట్టి సరిహద్దున చేయి పోగొట్టుకొనినవాని యింటికి మనలో నెందరు జమ్మి తీసికొని పోయినారు? దసరా మొదలు సంక్రాంతి వరకు సాగు ఈ పండుగల ఋతువున మేము పాఠకుల ముందుంచదలచిన ప్రశ్న యిదియే.

శామీరుపేట మండలములోని లాల్‌గడి మలక్‌పేట వంటి గ్రామములవారికి సైన్యము దూరపు వార్త గాదు. వారు రాజీవ్ రహదారి వెంట సికింద్రాబాదు చేరవలెనన్న హకీంపేటలోని వాయుసేనాస్థావరమును, బొల్లారము, తిరుమలగిరి ప్రాంతములలోని దండుప్రదేశములను దాటి రావలయును. తిరుమలగిరిలో సైనికాసుపత్రి కలదు. ఆ గోడల ప్రక్కగా మన పాలబండ్లు, కూరగాయల బండ్లు, పరిశ్రమల బస్సులు నిత్యము పోవుచున్నవి. గోడకు లోపల పండుగ యెట్లు గడచుచున్నదో బయటివారు తలచుట యరుదు.

మృతులైన వీరులను గౌరవించుటలో మనవారు వెనుకబడలేదు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో సూర్యాపేట వాస్తవ్యుడు కర్నల్ సంతోష్‌బాబు నేలకొరిగినప్పుడు తెలుగునాడంతయు కంట తడిపెట్టెను. ఆ పట్టణమున నాయన విగ్రహము వెలసెను. అది యుచితమే. కాని ప్రాణముతో తిరిగివచ్చిన క్షతగాత్రునకు విగ్రహముతో పనిలేదు. వానికి కావలసినది మెట్లు లేని గడప, చేయదగిన పని, తోడుగ నడచు మనిషి.

ఈ విషయమున రాజ్యము ఏమియు చేయలేదనుట న్యాయము గాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1917లో, అంగహీనులైన సైనికులకు వృత్తివిద్య నేర్పుటకు క్వీన్ మేరీ సాంకేతిక విద్యాలయము వెలసినది. అది నేటికిని పుణె చెంత ఖడ్కీలో నున్నది. రెండవ యుద్ధమున చూపు పోయినవారికై 1943లో డెహ్రాడూనున సెయింట్ డన్‌స్టన్ వసతిగృహమును, కాళ్లు చేతులు పోయినవారికై 1944లో పుణెలో కృత్రిమావయవ కేంద్రమును ఏర్పడినవి. ఆ యుద్ధములు పరప్రభుత్వము చేసినవి. గాయములు మాత్రము మనవారివి. స్వాతంత్ర్యానంతరము వెన్నెముక దెబ్బతిని నడువలేనివారికై 1974లో ఖడ్కీలోను, 1978లో మొహాలీలోను పునరావాస కేంద్రములు స్థాపితము లైనవి. 1949 నుండి డిసెంబరు 7వ తేదిని పతాక దినముగా పాటించుచున్నాము. ఆనాడు మనము రొమ్మున ధరించు చిన్న పతాకమునకు మొదటి యుద్దేశము యుద్ధబాధితుల పునరావాసమే.

ఇన్ని యుండగా మనతో పనియేమి యని కొందరు ప్రశ్నింపవచ్చును. పింఛను సర్కారు ఇయ్యగలదు, ఇరుగుపొరుగు నియ్యజాలదు. కృత్రిమపాదమును పుణె ఇయ్యగలదు. ఆ పాదము నడుచుటకు త్రోవను ఊరివారే ఇయ్యవలయును.

పూర్వము మన పల్లెలలో పంట కల్లమునకు వచ్చినప్పుడు, గింజ యింటికి చేరకమునుపే, రైతు వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి మేర కొలిచి యిచ్చెడివాడు. ఆ పద్ధతిలో అన్యాయములు లేకపోలేదు. అయినను దానిలోని సూత్రమొకటి గ్రహింపదగినది. మేర భిక్షము గాదు; ఏడాది పొడుగున చేసిన పనికి పంటలో గల భాగము. పుచ్చుకొనువాడు తల వంచనక్కరలేదు, ఇచ్చువాడు మీసము దువ్వనక్కరలేదు. క్షతగాత్రుడైన సైనికునికి మనమీయవలసినది ఈ మేరయే. మిఠాయి పొట్లము చేతికిచ్చి ఛాయాచిత్రము తీయించుకొని మరలివచ్చుట మేర గానేరదు.

అట్టివాడు ఇతరులకు భారమను తలంపు విడువవలెను. 1965 యుద్ధమున గాయపడిన మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్ క్రీడలలో ఈత పందెమున బంగారు పతకము గెలిచి దేశమునకు ఆ క్రీడలలో మొదటి స్వర్ణము తెచ్చెను. 1971లో కాలు కోల్పోయిన ఇయాన్ కార్డోజో పిమ్మట పటాలమునకు అధిపతియై నడపెను. అవకాశము దొరికిన చోట గాయము వారి నాపలేదు.

కావున ఈ ఋతువున చేయదగిన పనులు కొన్నింటిని సూచించుచున్నాము. దసరానాటి జమ్మి మొదట గాయపడిన సైనికుని యింటికి పోవలయును. ఆసుపత్రికి పోదలచినవారు ముందుగా అధికారుల యనుమతి పొంది, రోగికి ఏది తగునో తెలిసికొని పోవలయును. దీపావళినాడు వాని యింటి చెంత పెద్ద టపాకాయలు కాల్పకుందురు గాక. రణభూమిని చూచివచ్చిన మనస్సునకు ఆ ధ్వని వేడుక కాకపోవచ్చును. దేవాలయమునకు, పంచాయతీ కార్యాలయమునకు మెట్ల ప్రక్కన చక్రాల కుర్చీ ఎక్కు వాలుదారి యొకటి సంక్రాంతిలోగా కట్టింపవచ్చును.

విద్యావంతులు చేయదగిన సేవ మరియొకటి కలదు. గాయము గాని వ్యాధి గాని కొలువు వలన కలిగినదా, వైకల్యము నూటికి ఎంత యను రెండు ప్రశ్నలపై వైకల్యపు పింఛను ఆధారపడును. చేరునాడు ఆరోగ్యవంతుడైనవానికి పిమ్మట వచ్చిన వ్యాధి కొలువు వలన కలుగలేదని చూపవలసిన భారము సర్కారుదే యని 2013లో ధరమ్‌వీర్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పెను. 2023లో నియమములు మరల మారినవి. ఈ చిక్కులలో కాగితములు చదివి, అర్జీ వ్రాసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు తోడు పోవు పొరుగువాడు వేయి శాలువలకంటె మేలు.

లాల్‌గడి మలక్‌పేట, తుర్కపల్లి పరిసరములలో జీనోమ్ వ్యాలీ పేర ఔషధ పరిశ్రమలు వెలసి భూముల విలువ పెరిగినది. 2013 కంపెనీల చట్టము పెద్ద సంస్థలు మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు లోకహితమునకు వెచ్చింపవలెనని విధించినది. ఆ కార్యముల పట్టికలో మాజీ సైనికుల క్షేమమును చేర్చియున్నారు. ధర్మవ్యయముతో పాటు ఆ సంస్థలు కాలు లేనివానికి కూర్చుండి చేయు కొలువు ఒకటి చూపిన, అది సంవత్సరమంతయు నిలుచు పండుగ కానుక యగును.

పంట కల్లమునకు వచ్చు దినములు సమీపించుచున్నవి. మేర మొదట కొలుచుట మన పెద్దలు నేర్పిన మర్యాద.