మదనపల్లెలో ఐరిష్ గురువు

పరదేశంలో బోధించే ఉపాధ్యాయునికి పాఠం చెప్పడం ఒక్కటే పని కాదు. అక్కడి ప్రజల సంస్కృతిని, ఆకాంక్షలను ముందుగా తానే నేర్చుకోవాలి. ఇందుకు జేమ్స్ కజిన్స్ జీవితం చక్కని నిదర్శనం.

1873లో ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో జన్మించిన కజిన్స్ కవి. ఆయన భార్య మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. ఈ దంపతులు 1915లో భారతదేశానికి వచ్చారు. అనిబిసెంట్ నడిపిన 'న్యూ ఇండియా' పత్రికలో కజిన్స్ చేరారు. 1916లో ఆంగ్లేయులపై తిరుగుబాటు చేసిన ఐర్లండ్ వీరులను కొనియాడుతూ వ్యాసం రాసినందుకు ఆ ఉద్యోగం కోల్పోయారు. అప్పుడు అనిబిసెంటే ఆయనను మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యాపకునిగా పంపారు. అక్కడ ఆయన ఆంగ్ల సాహిత్యాన్ని బోధిస్తూనే భారతీయ కళలను అధ్యయనం చేశారు. అనంతరం ప్రిన్సిపాల్ అయ్యారు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కళాశాలకు అతిథిగా విచ్చేశారు. ఒక సాయంకాలం ఆయన 'జనగణమన' ఆలపించగా, సభలోని వారంతా పల్లవికి గొంతు కలిపారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ అక్కడే ఆ గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. మార్గరెట్ దాని బాణీకి స్వరలిపి సిద్ధం చేశారు. 1950 జనవరి 24న అదే మన జాతీయ గీతమయింది.

జపాన్‌లోనూ కొంతకాలం బోధించిన కజిన్స్ తిరిగి భారతదేశానికే వచ్చారు. 1956లో మదనపల్లెలోనే కన్నుమూశారు. స్వదేశాన్ని ప్రేమించి ఉద్యోగం పోగొట్టుకున్న ఆ గురువు, తన విద్యార్థుల దేశభక్తిని తన ఇంటి సంపదగా భావించారు. పరాయివాడు ఆత్మీయుడయ్యే మార్గమిదే.