కోకా సుబ్బారావు గారు – ఆస్తిహక్కు, మనిషి హక్కు

న్యాయస్థానములో ఓడిపోయిన ప్రభుత్వమునకు ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తి ప్రగతికి అడ్డుగోడవలె కనబడుట క్రొత్త సంగతి కాదు. అదే తీర్పు వలన మేలు పొందినవానికి ఆయన రాజ్యాంగ రక్షకుడు. తెలుగువారిలో ఈ రెండు బిరుదులను కలిపి మోసినవారు కోకా సుబ్బారావు గారు. ఆయన యథాస్థితివాది అనీ, భూస్వాముల పక్షమనీ ఆనాడు చాలమంది అన్నారు. ఆ మాటలో నిజమెంత?

సుబ్బారావు గారు 1902 జూలై 15న రాజమహేంద్రవరములో జన్మించినారు. తండ్రి న్యాయవాది. మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, బాపట్లలో కొద్ది నెలలు జిల్లా మునసబుగా కూర్చొని, ఆ కొలువు తనకు సరిపడదని తోచి కాబోలు, వకీలు వృత్తికే మరలినారు. బావమరిది పి.వి. రాజమన్నారు గారితో కలసి మద్రాసు హైకోర్టులో పేరు తెచ్చుకున్నారు. ఆనాటి సివిలు వ్యాజ్యములలో భూమి, వారసత్వము, దస్తావేజు – ఇవే ప్రధానమైన సరకు. ఆ బడిలో ఆరితేరిన మనస్సునకు ఆస్తి కేవలము ధనము కాదు. సర్కారు చేయి చాచి నపుడు మనిషి నిలబడుటకు కాలిక్రింద ఉన్న నేల. తరువాతి తీర్పులన్నింటికీ వేరు ఇక్కడనే ఉన్నదని నా అభిప్రాయము.

1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయినారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసినపుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైకోర్టు హైదరాబాదునకు తరలి వచ్చినపుడు ఆయనయు వచ్చినారు. 1958 జనవరి చివర సుప్రీంకోర్టునకు వెళ్ళినారు.

అక్కడ ఆయన మొదట ఒంటరివాడు. శాసనసభ చర్చలను పత్రికలో ప్రచురించిన సంపాదకుని వ్యాజ్యములో, నలుగురు న్యాయమూర్తులు సభాహక్కుల వైపు నిలువగా, పత్రికా స్వేచ్ఛ వైపు నిలిచినవారు ఆయన ఒక్కరే. 1962లో ఖడక్ సింగ్ వ్యాజ్యము వచ్చినది. ఉత్తరప్రదేశ్ పోలీసులు అనుమానితుల ఇండ్ల తలుపులు అర్ధరాత్రి తట్టి చూచుటకు వీలిచ్చిన నిబంధనలపై వచ్చిన దావా అది. రాత్రి తలుపు తట్టుట తప్పని తక్కిన న్యాయమూర్తులు కూడ ఒప్పుకున్నారు గాని, ఏకాంతము రాజ్యాంగము ఇచ్చిన హక్కు కాదన్నారు. వెంటాడుచున్న కంటి క్రింద బ్రతుకు స్వేచ్ఛ కాదని సుబ్బారావు గారు వేరుగా వ్రాసినారు. న్యాయమూర్తి షా గారు ఆయనతో ఏకీభవించినారు. ఖడక్ సింగ్ జమీందారు కాదు, దోపిడీ కేసులో సాక్ష్యము చాలక విడుదలైన వాడు. భూస్వాముల న్యాయమూర్తి అన్నవారు ఈ తీర్పును చూడలేదనుకోవలె.

ఇక మన ఇంటి ముంగిట జరిగిన కథ. రామంతాపూర్ నుండి తార్నాక వైపు పోవువారికి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ పరిచితమే. 1966లో ఆ ఆవరణ అంతయు ఒక వ్యాజ్యముతో వేడెక్కినది. డి.ఎస్. రెడ్డి గారు 1957 నుండి అక్కడ ఉపకులపతి. 1964లో మరల ఐదేండ్లకు నియమితులైనారు. ప్రభుత్వమునకు, ఆయనకు పొత్తు కుదరలేదు. 1966లో శాసనసభ విశ్వవిద్యాలయ చట్టమును సవరించి, ఉపకులపతి పదవీకాలమును ఐదు నుండి మూడేండ్లకు తగ్గించినది. ఉపకులపతిని తొలగించవలెనన్న, ఉన్నత న్యాయస్థానపు న్యాయమూర్తి స్థాయిలో విచారణ జరిగి దోషము రుజువు కావలెననియు అదే సవరణ చెప్పినది. ఆ తరువాత అదే సంవత్సరము రెండవ సవరణ వచ్చినది: ఇప్పుడున్న ఉపకులపతి, తొంబది దినములలో క్రొత్తవారిని నియమించునంతవరకే పదవిలో ఉండవలెనట!

చిక్కు ఇక్కడ ఉన్నది. రాబోవు ఉపకులపతులకు విచారణ లేక తొలగింపు లేదు. ఉన్న ఒక్కరికి విచారణయే లేదు. రెడ్డి గారు రిట్టు వేసినారు. హైకోర్టు కొట్టివేసినది. సుప్రీంకోర్టు ఆయన పక్షమున తీర్పు చెప్పినది. అప్పటికి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావు గారే. తీర్పు వ్రాసినది వైద్యలింగం గారు.

తర్కము సులభమైనదే. రాజ్యాంగపు 14వ అధికరణము ప్రకారము ప్రభుత్వము మనుష్యులను తరగతులుగా విభజింపవచ్చును. కాని ఆ విభజనకు హేతువుండవలె, ఆ హేతువునకు చట్టము కోరిన ప్రయోజనముతో సంబంధ ముండవలె. పదవిలో ఉన్నవానిని ఒక తరగతి, రేపు రాబోవువానిని ఒక తరగతి చేయుటకు ఏ హేతువూ కానరాలేదు. ఒకే మనిషికి తగినట్లు కొలత తీసి కుట్టిన చట్టము చట్టమనిపించుకోదు. రెడ్డి గారు 1969 వరకు పదవిలో ఉన్నారు. ఈ వ్యాజ్యములో భూమి లేదు, పరిహారము లేదు. ఉన్నది ఒక పదవి, దానిపై సర్కారు కన్ను.

1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు వెలువడినది. పంజాబులో ఐదువందల ఎకరములకు పైబడిన కుటుంబ భూమిని భూసంస్కరణ చట్టము క్రింద మిగులు అన్నందుకు వేసిన వ్యాజ్యమది. పదునొకండుగురు న్యాయమూర్తులు కూర్చున్నారు. ఆరుగురు ఒకవైపు, ఐదుగురు మరియొకవైపు. ప్రాథమిక హక్కులను తగ్గించు సవరణ చేయుటకు పార్లమెంటునకు అధికారము లేదని సుబ్బారావు గారి పక్షము పలికినది. ఇందులో చాలమంది మరచిన విశేషమొకటి: పాత సవరణలు చెల్లుననియు, ఈ సూత్రము ఇకముందు వానికే వర్తించుననియు చెప్పినందున గోలక్‌నాథ్ కుటుంబము వ్యాజ్యము ఓడిపోయినది. భూమి కోరి వచ్చినవారికి సూత్రము దక్కినది, భూమి దక్కలేదు. భూసంస్కరణలను ఒక్కమారుగా కూలద్రోయుటకు ఆయన సిద్ధపడలేదన్నమాట.

విమర్శకులకు బలము చేకూర్చినది తీర్పు కాదు, దాని తరువాత ఆయన వేసిన అడుగు. పదవీ విరమణకు ఇంకను మూడు నెలలుండగనే, 1967 ఏప్రిల్ 11న రాజీనామా చేసి, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలిచినారు. డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్ల విలువ, ఈయనకు 3,63,971. ఓడినారు. ప్రభుత్వమునకు వ్యతిరేకముగా అంత పెద్ద తీర్పు చెప్పి, ఏడు వారములు తిరుగకముందే ఆ ప్రభుత్వ పక్షమునకు ఎదురుగా ఎన్నికలో నిలుచుట సబబు కాదని నాకు తోచును. తీర్పులోని తర్కమునకు దీనివలన లోపము రాలేదు. తీర్పును విశ్వసింపవలసిన సామాన్యుని మనస్సులో మాత్రము ఒక సందేహము నాటుకొన్నది.

1971లో 24వ సవరణ గోలక్‌నాథ్ తీర్పును వమ్ము చేయబూనినది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి వ్యాజ్యములో సుప్రీంకోర్టు కూడ ఆ తీర్పును త్రోసిపుచ్చినది. కాని రాజ్యాంగపు మూలస్వరూపమును పార్లమెంటు మార్చజాలదని చెప్పినది. తలుపు మూసి కిటికీ తెరచినట్లయినది. సుబ్బారావు గారు 1976 మే 6న కన్నుమూసినారు. ఆయన అంతగా కాపాడజూచిన ఆస్తిహక్కును 1978లో 44వ సవరణ ప్రాథమిక హక్కుల పట్టికనుండి తొలగించినది. ఖడక్ సింగ్ వ్యాజ్యములో ఆయన వేరుగా వ్రాసిన అభిప్రాయమే సరియైనదని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా అంగీకరించినది. అప్పటికి అది వ్రాసి ఏబది నాలుగేండ్లు దాటినది.