టైరు సైడ్‌వాల్ చీలిందా? ఇంట్లో కుట్టి ప్యాచ్ వేసే ముందు ఇవి తెలుసుకోండి..!

కొండదారిలో రాయి కోసింది.. చేలో కొయ్యకాలు గుచ్చింది.. గాటు పడింది టైరు మధ్యలో కాదు, పక్క గోడకి. కొత్త టైరు అంటే వేలల్లో ఖర్చు. ఫోన్ తెరిస్తే 'సూది, దారం, సొల్యూషన్ ఉంటే చాలు' అంటూ వీడియోలు. మరి ఈ రిపేర్ నిజంగా నిలుస్తుందా? ఏ బండికి చేసుకోవచ్చు? ఏ బండికి చేస్తే ప్రాణం మీదకు వస్తుంది? వివరంగా చూద్దాం..

శీతాకాలం వచ్చిందంటే వనజంగి, లంబసింగి, అరకు వైపు జీపులు బారులు తీరతాయి. రాళ్లు తేలిన మట్టిదారిలో పట్టు కోసం చాలామంది టైర్లలో గాలి తగ్గిస్తారు. గాలి తగ్గితే టైరు నేల మీద పరుచుకుంటుంది.. జారకుండా ఎక్కుతుంది. కానీ అప్పుడే టైరు పక్క భాగం బయటకు పొంగుతుంది. పదునైన రాయి నేరుగా అక్కడే తగులుతుంది. పొలంలో ట్రాక్టర్‌దీ ఇదే పరిస్థితి. పత్తి, కంది తీసేశాక మిగిలిన కొయ్యకాళ్లు టైరు పక్కనే గీరుతుంటాయి.

సైడ్‌వాల్ ఎందుకంత సున్నితం?

టైరులో నేలను తాకే భాగాన్ని ట్రెడ్ అంటారు. కార్లు, జీపుల రేడియల్ టైర్లలో ఆ ట్రెడ్ కింద ఉక్కు తీగల బెల్టులు ఉంటాయి. మేకు దిగినా ఆ బెల్టులు ఆకారాన్ని పట్టి ఉంచుతాయి. అందుకే అక్కడ వేసిన ప్యాచ్ నిలుస్తుంది. సైడ్‌వాల్‌లో ఆ ఉక్కు బెల్టులు ఉండవు. పాలిస్టర్ లాంటి దారాల పొరలు, వాటిపై రబ్బరు.. అంతే. టైరు మీదే 'సైడ్‌వాల్ 2 ప్లై' అనో, '3 ప్లై' అనో రాసి ఉంటుంది. బండి బరువును, లోపలి గాలిని మోసేది ఆ దారాలే. రబ్బరు వాటికి తొడుగు మాత్రమే.

పైగా ఈ భాగం ఒక్క క్షణం కూడా కుదురుగా ఉండదు. 31 అంగుళాల ఎత్తున్న టైరు కిలోమీటరుకు దాదాపు 400 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్ ఒకసారి వంగి మళ్లీ లేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 400 సార్లు అన్నమాట. అక్కడ అంటించిన ప్యాచ్ కూడా అన్నిసార్లూ వంగాల్సిందే. గట్టిగా అంటించినా కొన్నాళ్లకు అంచులు లేచేది ఇందుకే.

ముందు గాటు ఎంత లోతో చూడండి

సైడ్‌వాల్‌పై కనిపించే ప్రతి గీతా ప్రమాదం కాదు. చక్రం విప్పి, గాటు దగ్గర మట్టి కడిగి, వెలుతురులో చూడాలి. రబ్బరు మీద పైపైన గీత పడి, లోపలి దారాలు కనిపించకపోతే చాలావరకు పైరబ్బరు దెబ్బే. అయినా లోపలి వైపు కూడా ఒకసారి చూపించుకోవడం మంచిది.

గాటులో దారాలు కనిపిస్తున్నాయంటే లెక్క మారుతుంది. అవి తెగకపోయినా నీరు, మట్టి చేరి పాడవుతాయి. గాలి పోతోందంటే లోపలి పొర దాకా చీలినట్టే. ఇక గాటు లేకుండా ఒకచోట బుడగలా ఉబ్బిందనుకోండి.. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. లోపల దారాలు తెగిపోతేనే గాలి రబ్బరును అలా బయటకు తోస్తుంది. ఉబ్బిన టైరుకు ఇంట్లో చేసే రిపేర్ అంటూ లేదు. దాన్ని పక్కన పెట్టాల్సిందే.

గాటు ఏ దిక్కుగా ఉందన్నదీ ముఖ్యమే. రేడియల్ టైరులో దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు, అంటే రిమ్ము నుంచి ట్రెడ్ వైపు నిలువుగా వెళ్తాయి. అదే దిక్కులో నిలువుగా పడిన గాటుకు కొన్ని దారాలే తెగుతాయి. టైరు చుట్టూ అడ్డంగా సాగిన గాటు మాత్రం, చూడటానికి చిన్నగానే ఉన్నా, వరసగా ఎన్నో దారాలను కోసేస్తుంది. రెండు అంగుళాల నిలువు గాటు కంటే రెండు అంగుళాల అడ్డ గాటు చాలా ప్రమాదకరం.

వీడియోలో నిలిచింది.. మీ బండికి ఎందుకు నిలవదు?

ఆ వీడియోల్లో చాలావాటిలో కనిపించేది ఏటీవీలు, అంటే లావు టైర్ల చిన్న ఆఫ్‌రోడ్ బండ్లు. వాటి టైర్లలో గాలి చాలా తక్కువ.. సాధారణంగా 10 పీఎస్‌ఐ లోపే. జీపుకో, ఎస్‌యూవీకో రోడ్డు మీద 30 పీఎస్‌ఐకి అటూ ఇటూ ఉంటుంది. 8 పీఎస్‌ఐ అంటే ప్రతి చదరపు అంగుళం మీద సుమారు 3.6 కిలోల తోపుడు. 30 పీఎస్‌ఐ అంటే అదే జాగాలో 13.6 కిలోలు. దాదాపు నాలుగు రెట్లు! దానికి తోడు బండి బరువు, వేగం, ఎండకు కాగిన తారురోడ్డు వేడి. ఏటీవీకి పొలంలో నిలిచిన కుట్టు, జీపుకు హైవే మీద నిలవకపోవడానికి కారణం ఇదే.

ఇంట్లో ఎలా చేస్తారు?

రోడ్డెక్కని, నెమ్మదిగా నడిచే ఏటీవీ లాంటి బండికి, చిన్న గాటుకు మాత్రమే ఈ పద్ధతి.

1. వాల్వ్ పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలేయాలి. తర్వాతే టైరును రిమ్ము నుంచి విడదీయాలి. బయటి నుంచి మాత్రమే అంటించే ప్యాచ్‌ను లోపలి గాలి ఎప్పుడూ బయటకే తోస్తుంటుంది. లోపల వేసిన ప్యాచ్‌ను అదే గాలి టైరుకు అదిమిపెడుతుంది.

2. గాటు రెండు కొసలూ ఎక్కడి దాకా ఉన్నాయో లోపల, బయట సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. బయట అంగుళం ఉన్న గాటు లోపల రెండు అంగుళాలు ఉండొచ్చు.

3. గాటుకు రెండు వైపులా అంచుకు కాస్త దూరంగా సన్నని రంధ్రాలు చేసి, గట్టి నైలాన్ దారంతో కుడతారు. గాటు విచ్చుకోకుండా పట్టి ఉంచడమే కుట్టు పని. గాలిని ఆపేది కుట్టు కాదు, లోపలి ప్యాచ్. అయితే ప్రతి రంధ్రం ఇంకొన్ని దారాలను దెబ్బతీస్తుందని మర్చిపోవద్దు. రంధ్రాలు ఎంత తక్కువైతే అంత మేలు.

4. లోపలి వైపు నున్నటి పొరను గరుకుగా అయ్యేలా రుద్దాలి. దారాలు బయటపడేంతగా రుద్దకూడదు. దుమ్ము తుడిచి, టైరు క్లీనర్‌తో శుభ్రం చేయాలి. పెట్రోల్‌తో తుడిస్తే అంటుకోవడం అటుంచి, మంటలు రేగే ప్రమాదం ఉంది.

5. సొల్యూషన్ పలుచగా రాసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఆరనివ్వాలి. తడిగా ఉండగానే ప్యాచ్ పెట్టేయడం చాలామంది చేసే తప్పు. వేలికి జిగటగా తగలాలి కానీ అంటుకుని రాకూడదు.

6. మామూలు ట్యూబ్ ప్యాచ్ ఇక్కడ పనికిరాదు. లోపల దారాలున్న రీఇన్‌ఫోర్స్‌డ్ ప్యాచ్ కావాలి. రేడియల్ టైరుకు రేడియల్ ప్యాచే వేయాలి. దాని మీద బాణం గుర్తు ఉంటే అది రిమ్ము అంచు వైపు చూడాలి. కుట్టు రంధ్రాలన్నీ దాటి అన్ని వైపులా కనీసం అంగుళం ఎక్కువ ఉండాలి. మధ్య నుంచి అంచులకు రోలర్‌తో నొక్కితే గాలి బుడగలు మిగలవు.

7. బయట గాటును రబ్బరుతో పూడ్చి, సబ్బు నీళ్లతో పరీక్షించాలి. బుడగలు వస్తే మళ్లీ మొదటి నుంచే.

గాలి కొట్టేటప్పుడే అసలు గండం

దెబ్బతిన్న సైడ్‌వాల్ పేలితే ఎక్కువగా పేలేది గాలి నింపుతున్నప్పుడే. టైరుకు ఎదురుగా కూర్చుని, గాటు మీద చెయ్యి పెట్టి చూడటం చాలా ప్రమాదం. పొడవైన పైపు, దానంతట అదే పట్టుకునే క్లిప్ వాడాలి. ట్రెడ్ వైపు, కాస్త దూరంగా నిలబడాలి. కొద్దికొద్దిగా నింపుతూ ఆగి చూడాలి. ఎక్కడైనా ఉబ్బు కనిపించినా, టపటపమని చప్పుడు వచ్చినా దగ్గరకు వెళ్లకుండా దూరం నుంచే గాలి ఆపేయాలి. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వొద్దు.

కొండ మీద ఇరుక్కుపోతే..?

స్టెప్నీ కూడా లేక, మనుషుల్లేని చోట చిక్కుకుంటే చిన్న గాటులో రెండు మూడు పంక్చర్ స్ట్రిప్‌లు పక్కపక్కనే దూర్చి గాలి నిలపడం ఆఫ్‌రోడర్లు చేసే పనే. అది కిందికి దిగి షాపు చేరడానికి మాత్రమే. బండిలో మనుషులను దించేసి, అతి నెమ్మదిగా, దారిలో ఆగి ఆగి గాలి చూసుకుంటూ రావాలి. అదే టైరుతో ఘాట్ దిగి హైవే ఎక్కి ఇంటికి వెళ్లిపోదాం అనుకోవద్దు. ఘాట్ మలుపులో బరువంతా బయటి టైరు సైడ్‌వాల్ మీదే పడుతుంది.

మరి ట్రాక్టర్ టైరు?

ట్యూబు ఉన్న ట్రాక్టర్ టైర్లకు గాటు దగ్గర లోపల పాత టైరు ముక్క పెట్టి నడిపించడం ఊళ్లలో మామూలే. ట్యూబు గాటులోంచి బయటకు పొంగకుండా అది ఆపుతుంది. దుక్కి వరకు పర్వాలేదేమో కానీ, లోడు ట్రాలీతో రోడ్డెక్కితే ఆ ముక్క ట్యూబును రాసి చింపేస్తుంది. ఖరీదైన పెద్ద టైర్లకు వేడితో రబ్బరును కరిపించే వల్కనైజింగ్ రిపేర్ ఉంది. గాటు పరిమాణం, చోటు చూసి అది చేయొచ్చో లేదో నిపుణులే తేలుస్తారు. వెనక టైర్లలో బరువు కోసం నీళ్లు నింపి ఉంటే ఒక్క చక్రమే వంద కిలోలు దాటుతుంది. నీళ్లు తీయకుండా ఒంటరిగా విప్పే ప్రయత్నం చేయొద్దు.

చట్టం ఏం చెబుతోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989లో 94వ నిబంధన టైర్ల స్థితి గురించే. గాటు వల్ల లోపలి దారాల పొర బయటపడినా, టైరు ఒకచోట ఉబ్బినా అది సురక్షితం కానట్టే లెక్క. వల్కనైజింగ్ చేయకుండా బయటి నుంచి ప్యాచ్ వేసిన టైరుకూ అదే వర్తిస్తుంది. అంతర్జాతీయంగా టైరు పరిశ్రమ పాటించే పద్ధతి కూడా ఇదే. కార్ల టైర్లకు రిపేర్ ట్రెడ్ భాగంలోనే, అదీ 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రానికే. సైడ్‌వాల్‌కు లేదు.

కాబట్టి రోడ్డు మీద తిరిగే బండికి సైడ్‌వాల్ చీలితే టైరు మార్చడమే దారి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ఒక్కటే కొత్తది వేసే ముందు మిగతా టైర్లు ఎంత అరిగాయో చూపించుకోండి. చుట్టుకొలతల్లో తేడా ఎక్కువైతే గేర్ల వ్యవస్థపై భారం పడుతుంది. కొనేటప్పుడు టైరు మీద ఉన్న నాలుగు అంకెల కోడ్ చూడండి. ఉదాహరణకు '2324' అంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం.

చీలిన పాత టైరును ఏం చేయాలి? 'స్టెప్నీగా ఉంచుదాంలే' అని వెనక బిగించొద్దు. ఏదో ఒక రాత్రి, వర్షంలో, ఇంటిల్లిపాదీ బండిలో ఉన్నప్పుడు అదే టైరు బిగించాల్సి వస్తుంది.