ఫైబర్ బోటులో పుచ్చిన చెక్క

వానలు పడ్డాక మేడ్చల్ దగ్గరి కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో నేలమీద పడున్న పాత కొమ్మను కాలితో నొక్కితే పొడిపొడిగా విరిగిపోతుంది. అది శిలీంధ్రాల పని. ఎండిన చెట్టును తిరిగి మట్టిలో కలిపి అడవిని నిలబెట్టేవి అవే. ఈ జాతి శిలీంధ్రాలే పాత ఫైబర్ బోటులో చేరితే మాత్రం, పైకి నిగనిగలాడే బోటు లోలోపల గుల్లవుతుంది.

ఫైబర్‌గ్లాస్ కుళ్లదు. గాజు పోగులను రెజిన్‌తో అంటించి పొరలు పొరలుగా పోసిన పదార్థం అది. కానీ చాలా బోట్లలో ఇంజను తగిలించే వెనుక పలకలోనూ, ఇంజను దిమ్మెల్లోనూ, నేలలోనూ రెండు ఫైబర్ పొరల నడుమ చెక్క ఉంటుంది. పలక మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే గుణం ఎనిమిది రెట్లవుతుంది. ఆ మందమంతా గాజుతోనే తెస్తే బరువూ ఖర్చూ పెరుగుతాయి. అందుకే తేలికైన చెక్కను మధ్యలో పెడతారు.

చిక్కు స్క్రూ రంధ్రాల దగ్గర మొదలవుతుంది. ఇంజను అదురుకు బోల్టు చుట్టూ వేసిన సీలు వదులై నీరు దిగుతుంది. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే శిలీంధ్రాలు పెరగవు. 30 శాతానికి చేరువైతే, కాస్త గాలి, మన వాతావరణపు వెచ్చదనం తోడైతే విజృంభిస్తాయి. బయటి చెక్క తడిసినా ఆరుతుంది. ఫైబర్ పొరల మధ్య ఇరుక్కున్న చెక్కకు ఆరే దారి లేదు. పైగా సెల్యులోజును అరిగించుకునే క్రమంలో శిలీంధ్రమే కొంత నీటిని పుట్టిస్తుంది. చెక్క బరువు పదో వంతు తగ్గేసరికే దాని బలం సగానికి పైగా పోయి ఉండవచ్చు.

ఈ శిలీంధ్రాలకు ఉప్పు పడదు. అందుకే కాకినాడ తీరంలోని బోటైనా, హుస్సేన్‌సాగర్‌లోని బోటైనా ఉప్పులేని వాన నీటి విషయంలో ఎక్కువ జాగ్రత్తపడాలి.

పుచ్చును పట్టుకోవడానికి చిన్న సుత్తి చాలు. వెనుక పలకంతా వరసగా తడుతూ పోవాలి. గట్టి చెక్క ఉన్నచోట టక్‌మని స్పష్టంగా మోగుతుంది. పుచ్చినచోట శబ్దం మొద్దుబారుతుంది. అనుమానం ఉన్నచోట లోపలివైపు నుంచి సన్నని రంధ్రం వేసి, డ్రిల్లుకు అంటిన పొట్టు చూడాలి. లేత రంగులో పొడిగా వస్తే మంచిదే. ముదురు గోధుమరంగులో, తడి ముద్దగా, మట్టి వాసనతో వస్తే చెక్క పోయినట్టే.

రంధ్రాలు వేసి రెజిన్ ఎక్కిస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. తడి చెక్క రెజిన్‌ను పీల్చుకోదు. రెజిన్ దాని చుట్టూ పెంకు కడుతుంది, పుచ్చు లోపలే మిగిలిపోతుంది. సరైన పద్ధతి వేరు. బయటి పొరను ముట్టుకోకుండా, లోపలి ఫైబర్ పొరను గ్రైండరుతో కోసి తీయాలి. గాజు ధూళి ఊపిరితిత్తులకు చేటు కాబట్టి మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. పుచ్చిన చెక్కను గట్టి చెక్క తగిలేదాకా ఉలితో చెక్కి, మిగిలినదాన్ని పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తర్వాత ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్‌ను కొలతకు కోసి, అన్ని అంచులకూ ఎపాక్సీ రెజిన్ పట్టించి, చిక్కటి ఎపాక్సీతో అంటించి బిగించాలి. చెక్కను పట్టుకోవడంలో పాలియెస్టర్ రెజిన్ కన్నా ఎపాక్సీ మెరుగు.

చివరికి పైన గాజు పొరలు పరచాలి. కొత్త పొర పాతదాన్ని గట్టిగా పట్టుకోవాలంటే పాత అంచును మందానికి పన్నెండు రెట్ల వెడల్పున ఏటవాలుగా అరగదీయాలి. పొర 5 మిల్లీమీటర్లుంటే వాలు 60 మిల్లీమీటర్లు ఉండాలి.

మేడ్చల్ ఎండల్లో ఈ పని చేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుంది. డబ్బానిండా కలిపితే తన వేడికి తానే పొగలు కక్కి, బ్రష్షు ముంచేలోపే రాయిలా మారుతుంది. తెల్లవారుజామున, వెడల్పాటి పళ్లెంలో కొద్దికొద్దిగా కలుపుకోవడం మేలు.

కొత్త బోల్టు కోసం ముందు పెద్ద రంధ్రం చేసి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని నడుమ అసలు రంధ్రం వేయాలి. అప్పుడు సీలు వదులైనా నీరు చెక్కను తాకదు.

ఒకసారి గట్టిపడిన రెజిన్‌ను కరిగించి మరో వస్తువు పోయలేం. పాత ఫైబర్ బోటును పారేస్తే అది ఏళ్ల తరబడి చెత్తగానే పడి ఉంటుంది. పైపెంకు గట్టిగా ఉన్న బోటును లోపలి చెక్క పుచ్చిందని వదిలేయకూడదు. ఓపికగా బాగుచేస్తే మళ్లీ ఏళ్ల తరబడి పనిచేస్తుంది.