మా గోడ మీద బొమ్మ ఎందుకు ఊడిపోయింది?

ఈరోజు కోడింగ్ లేదు, గోడలు.

నెక్లెస్ రోడ్ ఎంఎంటీఎస్ స్టేషన్ దగ్గర ఎం.ఎస్. మక్తా ఉంది కదా, అక్కడి ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు మొదలుపెట్టిన పని అది. ఢిల్లీ లోధీ కాలనీలో, 1940ల నాటి సర్కారు క్వార్టర్స్ గోడల మీద వేయించిందీ వాళ్లే.

అవి చూసే మేం మా కాలనీ కాంపౌండ్ వాల్ మీద పడ్డాం. కానీ అసలు కారణం ఆర్ట్ కాదు. ఆ గోడ పక్కన ఇస్త్రీ బండి ఆంటీ ఉంటుంది. వచ్చేపోయేవాళ్లంతా ఆ గోడకే పోసేవాళ్లు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆవిడ ఆ కంపులోనే నిలబడాలి. దేవుడి పటాల టైల్స్ అంటించమన్నారు కొందరు. దేవుణ్ని కాపలాకి పెట్టడమేంటండీ? నాకు నచ్చలేదు.

ఒక ఆదివారం పది మందిమి కలిసి చేపలు, తామరపూలు వేసేశాం. నిజంగానే పోయడం ఆగింది! సెప్టెంబర్ వానలకి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మళ్లీ మామూలే.

ఎందుకంటే, పాత సున్నం మేం గీకలేదు. సున్నం పొడిలా రాలుతుంటుంది. దాని మీద వేస్తే పెయింట్ పట్టుకునేది గోడని కాదు, ఆ పొడిని. పైగా గోడ వెనక నీళ్ల పైపు కారుతోంది. లోపలి చెమ్మ బయటికి రావాలి కదా, పైన పెయింట్ పొర అడ్డుంటే దాన్ని ఉబ్బించి మరీ వస్తుంది. కాబట్టి ముందు లీకు ఆపాలి. తర్వాత వైర్ బ్రష్‌తో గీకి, కడిగి, బాగా ఎండనిచ్చి, ఎక్స్‌టీరియర్ ప్రైమర్ కొట్టి, ఆపైనే ఎక్స్‌టీరియర్ ఎమల్షన్. మేం ఇళ్లలో మిగిలిన డబ్బాలన్నీ వాడేశాం, అదో కథ.

మరి అంత పెద్ద బొమ్మ కొలత తప్పకుండా ఎలా గీస్తారు? చాలామంది వాడేది డూడుల్ గ్రిడ్. గోడ నిండా పిచ్చిగీతలు, అంకెలు గీసి ఫోన్‌తో ఫోటో తీస్తారు. ఎడిటింగ్ యాప్‌లో దాని మీద డ్రాయింగ్‌ని సగం కనపడేలా పరుస్తారు. ముక్కు ఎక్కడ రావాలి? 7 పక్కన, సున్నా కింద. ఫోన్ చూస్తూ గీసుకుంటూ పోవడమే.

ఈసారి ఆంటీని అడిగాం, ఏం వేయమంటారని. మొదటిసారి అడగాలని కూడా తట్టలేదు మాకు!

"మా ఊరి తాటిచెట్లు వెయ్యి బిడ్డా. కింద నా బండి. నీడ జర ఎక్కువ వెయ్యి" అంది.

లీకు ఆగింది, గోడ ఎండింది, ప్రైమర్ కూడా అయింది. ఈ ఆదివారం పిచ్చిగీతలు.