దవడ టక్కుమంటే

చిటికెన వేలు చెవికి ముందు ఆనించి, నోరు మెల్లగా తెరువు బిడ్డా. వేలి కింద చిన్న బుడిపె ముందుకు జరిగింది కదా, అదే దవడ కీలు. మొదట తిరుగుతుంది, తర్వాత తన గుంటలోంచి ముందుకు జారుతుంది. ఒంట్లో ఇట్లా రెండు పనులూ చేసే కీళ్లు తక్కువ. పైగా కింది దవడ ఒకటే ఎముక, కీళ్లేమో రెండు. బక్కెట్టు కడి ఒక కొన బిగుసుకుంటే రెండోది ఎంత బాగున్నా అది సాఫీగా లేవదు చూడు, ఇదీ అంతే. కుడి పక్క నొప్పి అని వెళ్తే డాక్టరు ఎడమ పక్క కూడా నొక్కి చూసేది అందుకే.

పాశమైలారంలోనో బొల్లారంలోనో ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు దిగి వచ్చి, జొన్నరొట్టె నమలలేక, చెవిపోటనుకుని చెవిలో చుక్కలు వేసుకునేవాళ్లు ఉంటారు. చెవి శుభ్రంగానే ఉంటుంది, నొప్పి దవడది. బరువెత్తేటప్పుడు, మెషీన్ మీదనుంచి చూపు తిప్పలేనప్పుడు మనకు తెలియకుండానే పళ్లు బిగపడతాం. కొందరు నిద్రలోనూ పళ్లు నూరుతారు. ఇప్పుడు పళ్లు కరిచి బుగ్గ మీద చెయ్యి పెట్టు. గట్టిగా ఉబికిందే, అది నమిలే కండరం. ఇంకొకటి కణత మీద పరుచుకుని ఉంటుంది, అందుకే దవడ నొప్పి చాలాసార్లు తలనొప్పి వేషంలో వస్తుంది. పని లేనప్పుడు పెదాలు కలిసి ఉండొచ్చు గానీ పైపళ్లూ కిందిపళ్లూ తగలకూడదు. ఈ సంగతి చదువుకున్నవాళ్లలోనే చాలామందికి తెలియదు.

దవడ నొప్పికని నువ్వు ఫోన్‌లో చూపించిన వీడియోలో ఒకాయన మెడ పట్టుకుని కటుక్కుమనిపించాడే, అది కైరోప్రాక్టిక్ అనే చేతివైద్యం. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన మొదలుపెట్టాడు. చెవుడున్న ఒక పనివాడి వెన్నుపూస సర్దితే వినికిడి వచ్చిందని చెప్పుకున్నాడు. వెన్నుకూ వినికిడికీ లంకె ఏమిటో నాకు ఈనాటికీ అర్థం కాదు. సరే, ఇప్పటివాళ్లు దవడకు చేసేది వేరు. బుగ్గ కండరం వేలితో నొక్కి సడలిస్తారు, గ్లవ్ తొడుక్కుని నోటి లోపలినుంచీ నొక్కుతారు, కీలును మెల్లగా కదుపుతారు. మన ఫిజియోథెరపిస్టులు చేసేదీ ఇంచుమించు ఇదే.

ఆ కటుక్కు సంగతేమంటావా? ఎముక చోటికి చేరిన చప్పుడు కాదది. కీలును లాగినప్పుడు లోపలి ద్రవంలో వాయువుతో ఖాళీ ఏర్పడుతుంది. మెటికలు విరుస్తుండగా ఎమ్మారై తీసి కెనడాలో అల్బెర్టా యూనివర్సిటీ వాళ్లు 2015లో చూపించారు. దవడ టక్కుమనడం మాత్రం వేరే. బుడిపెకూ గుంటకూ నడుమ పలుచటి మెత్త ఉంటుంది. అది ముందుకు తప్పుకుని, నోరు తెరిచినప్పుడు మళ్లీ చోట్లోకి వస్తే ఆ చప్పుడు. నొప్పి లేకుండా ఉత్త చప్పుడే అయితే దాని మానాన దాన్ని వదిలెయ్యి.

బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2023లో దీర్ఘకాలపు దవడ నొప్పికి సూచనలు వేసింది. దవడ వ్యాయామాలు, బిగుసుకున్న కండరాన్ని వేలితో నొక్కడం, కీలును నెమ్మదిగా కదిలించడం, ఒత్తిడిని తట్టుకోవడం నేర్పే చికిత్స, వీటిని గట్టిగా సమర్థించింది. ఒక్కసారిగా విరిచే పద్ధతికి ఇచ్చింది అరమనసు ఒప్పుకోలే. నా మాటా అదే, చేతివైద్యం మంచిదే, మెడ మెలిపెట్టడం దేనికి? అరుదుగానైనా మెడలో రక్తనాళం లోపొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. పైగా మన దేశంలో కైరోప్రాక్టిక్ వృత్తికి ప్రత్యేకమైన కౌన్సిల్ అంటూ లేదు, బోర్డు ఎవరైనా కట్టుకోవచ్చు.

ఇంకో మాట. మీ ఫ్యాక్టరీ షెడ్డులో గుట్కా, వక్కపొడి నమిలేవాళ్లుంటే, మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోమను. పట్టకపోతే, కారం తగిలి నోరు మండుతుంటే, అది కీలు జబ్బు కాకపోవచ్చు. వక్క వల్ల బుగ్గ లోపలి పొర నారలా బిగిసిపోతుంది. అది క్యాన్సర్‌కు దారితీయగలదు. ఎవరు ఎంత నొక్కినా అది సడలదు. దంత వైద్యులకు చూపించాలి. సంగారెడ్డిలో ఎం.ఎన్.ఆర్. దంత కళాశాల ఉంది, సిటీకి పోతే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది.

ఇంట్లోనయితే వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ బుగ్గకు ఆనించు. నాలుక కొన పైపళ్ల వెనక అంగిట్లో పెట్టి, అది కదలనంత వరకే నోరు తెరిచి మూస్తూ ఉండు. కొన్నాళ్లు మక్కకంకులు, బఠాణీలు వద్దు.

ఆవులించినప్పుడు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతే మాత్రం ఇంట్లో ఎవరినీ చెయ్యి వెయ్యనియ్యకు, నేరుగా ఆసుపత్రికి పో. దాదాపు 3,600 ఏళ్ల నాటి ఈజిప్టు వైద్యపత్రంలోనే దీనికి విరుగుడు రాసి ఉంది, బొటనవేళ్లు నోట్లో పెట్టి దవడను వెనక్కి చేర్చాలని. నేటి డాక్టర్లు చేసేదీ అదే, కాకపోతే బొటనవేళ్లకు గుడ్డ చుట్టుకుని మరీ చేస్తారు. కీలు గుంటలో పడగానే నోరు టప్పున మూసుకుంటుంది కదా!