అందరి యాపిలూ ఎర్రగానే ఉండాలా?

విజయనగరం, పార్వతీపురం, రాయగడ దాటి రాయపూర్ వైపు రైల్లో వెళ్తుంటే ఒడిశాలోని బిస్సమ్ కటక్ వస్తుంది. పక్కనే నియమగిరి. బాక్సైట్ గని వద్దని 2013లో పన్నెండు గ్రామసభలు ముక్తకంఠంతో తేల్చి చెప్పింది ఈ కొండల గురించే. ఇక్కడి డోంగ్రియా కోంధుల భాష కువి. తెలుగుకు దగ్గరి చుట్టం. 'ఇల్లు', 'కన్ను' లాంటి మాటలు వాళ్లకీ ఉన్నాయి.

ఇంట్లో కువిలో గలగలా మాట్లాడే మూడేళ్ల పిల్ల అంగన్‌వాడీలో అడుగుపెట్టి ఒడియా వింటే ఏం చేస్తుంది? ఓ మూల కూర్చుంటుంది. 'మహా సిగ్గరి' అని పేరు పడుతుంది. ఆ పిల్లకు సిగ్గన్నదే తెలియదని వాళ్ల అమ్మమ్మనడిగితే చెబుతుంది. ప్రతి బిడ్డకూ తనదైన తీరుంటుందని మనం ఉపన్యాసాలిస్తాం గానీ, ఆ తీరు బయటపడాలంటే ముందు బిడ్డ నోరు విప్పాలి కదా!

ఒడిశా 2006లో గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న పది భాషల్లో కువి ఒకటి. అంతకుముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది భాషలతో అదే పని చేసింది, వాటిలోనూ కువి ఉంది. అంగన్‌వాడీల కోసం ఒడిశా తయారుచేసిన 'అరుణిమ' పాఠ్యక్రమం కూడా గిరిజన భాషల్లోకి వచ్చింది. బిస్సమ్ కటక్‌లో 1954లో డెన్మార్క్ డాక్టరు ఎలిజబెత్ మాడ్సెన్ ప్రారంభించిన ఆసుపత్రికి 'మిత్ర' అనే సామాజిక విభాగం ఉంది. కచాపజు అనే కొండ ఊళ్లో అది పెట్టిన ఆశ్రమ బడిలో చదువు కువితో మొదలై ఒడియాకు సాగుతుంది.

భాష కుదిరాక ఆట. ఇంటి నుంచి తలా గుప్పెడు గింజలు తెమ్మంటే చాలు. చోళ్లు, సామలు, కందులు, ఆ కొండల్లో వీటికి కరువు లేదు. అన్నీ చాప మీద కలిపి పోసి, "మీకు నచ్చినట్టు సర్దండి" అని ఊరుకోవాలి. ఒకడు రంగును బట్టి ఏరతాడు. ఇంకొకడికి పెద్దవే కావాలి. ఒక పిల్ల అమ్మ కుట్టే శాలువా మీది త్రికోణాల్లా వరసలు పేరుస్తుంది. మరొకడు ఏమీ చెయ్యడు, గింజలు గుప్పిట్లోంచి జారుతుంటే ఆ చప్పుడు వింటూ కూర్చుంటాడు. వాడూ ఆడుతున్నట్టే లెక్క. టీచరు చెయ్యాల్సింది ఎవరు ఏం చేశారో రెండు ముక్కలు రాసిపెట్టుకోవడం. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పరీక్షలు బొత్తిగా తగవని, పరిశీలన సరైన దారని 2022 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా స్పష్టంగానే చెప్పింది.

రాసుకునే తీరిక ఎక్కడిదంటారా? నిజమే. ఛతువా పిండి పంచి, గుడ్లు లెక్కపెట్టి, బరువులు తూచి, రిజిస్టర్లు నింపేసరికి అంగన్‌వాడీ దీదీకి పొద్దు వాలిపోతుంది. ఆ బరువు దించకుండా ఎన్ని ఆట కిట్లు పంపినా అవి బీరువాలోనే ఉంటాయి.

అయినా, కొండ మీద పిల్లల గురించి జాలిపడేముందు మన ప్లేస్కూళ్లు చూడాలి. పిల్లల్ని స్వేచ్ఛగా ఆడనివ్వాలన్న గిజుభాయి భావనగర్‌లో బాలమందిరం పెట్టింది 1920లో. అదే దారిలో నడిచిన విద్యావేత్త మాంటిస్సోరి అడయారుకు వచ్చింది 1939లో. ఇన్నేళ్ల తర్వాత విశాఖలోనో హైదరాబాద్‌లోనో నర్సరీ గది గోడ చూడండి: ముప్ఫై యాపిళ్లు, ముప్ఫైకి ముప్ఫై ఎరుపే, గీత దాటని రంగే. సగం టీచరు చెయ్యి, పావు అమ్మ చెయ్యి. నీలం యాపిల్ వేసినవాడి కాగితం గోడెక్కదు. ఇంట్లో తెలుగు, బడిలో "నో తెలుగు ప్లీజ్". కువి పిల్లకు వచ్చిన కష్టాన్ని మనం ఫీజు కట్టి మరీ కొనుక్కుంటున్నాం.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు ఎన్ని అక్షరాలు వచ్చాయని అడగకండి. "మావాడు బడిలో ఏ ఆట ఎక్కువసేపు ఆడతాడండీ?" అని అడగండి. టీచరు వెంటనే చెప్పగలిగితే ఆ బడి మార్చకండి.